భయపడుతూనే టెంటు వేసిన చాచా

మా పక్కింటి టెంట్‌హౌస్ చాచా పోయాడు. శుక్రవారం పొద్దున నల్లా కింద బిందె పెట్టి నిలబడ్డాను. మసీదు మైకులోంచి ఆయన పేరు వినిపించింది. నిజం చెప్పాలంటే చావు అనే ఆలోచనే నాకు ముందు రాలేదు. చాచాను పోలీసులు మళ్లీ పట్టుకుపోయారు కాబోలు అనుకున్నాను.  జనాజా, అంటే అంతిమయాత్ర, ఎప్పుడో కూడా చెప్పాక అర్థమైంది. ముందురోజు సాయంత్రం ఛాతీలో నొప్పి అంటే కరీంనగర్ తీసుకుపోయారట. మళ్లీ తన కాళ్ల మీద ఇంటికి రాలేదు.

బిందె నిండి పొర్లిపోతుంటే నా వెనుక నిలబడ్డామె నల్లా కట్టేసింది. 

అప్పటినుంచి పట్నంలో అందరూ ఆయనను ధైర్యవంతుడంటున్నారు. చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద కూడా అదే మాట అచ్చు వేయించారు. ఫొటోలో చాచా ముఖం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకు తెలిసినంతవరకు చాచా అంత భయస్థుడు మా వాడలో ఇంకొకరు లేరు. ఆ మాట ఆయనే అందరికీ చెప్పుకునేవాడు. అంత భయస్థుడు ఏం చేశాడో మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా వైపు మరమగ్గాలను సాంచెలంటాం. మాది సాంచెల వాడ. ఇంటికి రెండో నాలుగో సాంచెలు, పొద్దంతా ఒకటే చప్పుడు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ మోతకు తలనొప్పి పుట్టి నేను ఏడుస్తుంటే, గోడ అవతలి నుంచి చాచీ అల్లం చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమె వెనకే చాచా వచ్చి గడప బయట నిలబడ్డాడు. జర ఓపిక పట్టమన్నాడు. కొన్నాళ్లకు చప్పుడు ఆగితేనే నిద్రపట్టదని చెప్పాడు. అలాగే అయింది.

వాడ మొదట్లో ఆయన దుకాణం. పెళ్లికి, చావుకు, గణపతి మండపానికి, రంజాన్ ఇఫ్తారుకు, బతుకమ్మ ఆట దగ్గర లైట్లకు, కొండగట్టుకు నడిచిపోయే దీక్షాపరులకు వేసే చలువ పందిరికి, అన్నింటికీ ఆయనే. ఏ పార్టీ సభ అయినా స్టేజీ ఆయనదే, మైకు ఆయనదే. జెండాల రంగు మారేది. కింద పరిచే ఎర్ర తివాచీ మాత్రం అదే ఉండేది.

కుక్క అరిస్తే చాచా ఇంకో సందులోంచి తిరిగి వచ్చేవాడు. సూది మందు అంటే కళ్లు తిరిగేవి. మబ్బు పట్టిందంటే కట్టిన టెంటు చుట్టూ తిరుగుతూ ప్రతి ముడినీ విప్పి మళ్లీ వేసేవాడు. అలా ఎందుకని అడిగితే, "భయమున్నోడే ముడి గట్టిగ ఏస్తడు బిడ్డా," అనేవాడు. చాయ్ గ్లాసులో తాగడు, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతాడు. నాలుక కాలుతుందని భయం.

సభ జరిగేటప్పుడు ఎప్పుడూ స్టేజీ వెనుకే కూర్చునేవాడు. ఉపన్యాసాలు వినేవాడు కాదు. ముందు కూర్చున్నవాళ్లకు నాయకుడి ముఖం కనిపిస్తుందట, వెనుక కూర్చున్న తనకు మోకాళ్లు కనిపిస్తాయట. ఎంత పెద్ద నాయకుడైనా ఆ మోకాళ్లు ఎక్కడో ఒకచోట వణుకుతాయని చెప్పి మెల్లగా నవ్వేవాడు. ఆ మాట వాడలో కథలా తిరిగేది. తర్వాత ఒక రోజు ఆ కథ చెప్పుకోవడం కూడా ఆగిపోయింది.

అప్పట్లో మా నియోజకవర్గాన్ని ఏలే నాయకుడిని అందరూ పెద్దసారు అనేవారు. గౌరవం కొద్దీ మొదలైన ఆ పిలుపు, కొన్నాళ్లకు అసలు పేరు పలకడానికే జంకి అనే పిలుపు అయింది. ఠాణాలో ఎవరి ఫిర్యాదు తీసుకోవాలో, మార్కెట్ యార్డులో ఎవరి ధాన్యం ముందు దించాలో, మున్సిపాలిటీలో ఎవరికి నల్లా ఇవ్వాలో ఆయన ఇంటినుంచే మాట వచ్చేది. ఎన్నికలకు నామినేషన్ వేసినవాళ్లు మర్నాడే వెళ్లి వెనక్కి తీసుకునేవారు. ఎందుకు తీసుకున్నారని ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. బస్టాండు దగ్గరి హోటల్లో ఒకాయన ఏదో ఎగతాళి మాట అన్నాడట. అతన్ని ఠాణాకు పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు. ఆ తర్వాత ఆ హోటల్లో చెంచాల చప్పుడు తప్ప మరేదీ వినిపించేది కాదు.

భయం మా ఇళ్లలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంటుంది. మా ఆయన ఫోన్ మాట్లాడేటప్పుడు దొడ్లోకి పోయేవాడు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. క్లాసులో రాజుల పాఠం చెప్పేటప్పుడు కూడా ఏ మాట ఎటు పోతుందోనని తూచి మాట్లాడటం అలవాటైంది. పిల్లలు ఎదురు ప్రశ్న అడిగితే పేజీ తిప్పేసేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మున్సిపాలిటీవాళ్లు వచ్చి మా వాడ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి పోయారు. ఆ జాగా సర్కారుదట. మేం ఆక్రమించుకున్నామట. అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కడతారట. అది ఎవరి మనుషుల కోసమో మాకందరికీ తెలుసు. ఆ రోజు వాడలో సాంచెలన్నీ ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. ఒక ఇంట్లో ఆగితే పక్కింట్లో ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా చెవులు గుయ్యిమన్నాయి. మా అత్తమ్మ గోడ మీది రంగును వేలితో తాకి చూసింది. ఇంకా తడి ఆరలేదు. ఆ వేలు కొంగుకు తుడుచుకుని, "ఇండ్లల్ల కూసుంటె కాదు. బయట కూసుందాం," అన్నది.

అలా వాడ కమిటీ పుట్టింది. మా అత్తమ్మే పెద్ద. ఆమె బీడీలు చుట్టిన మనిషి, మాట తక్కువ. కమిటీ మొదటి నిర్ణయం, ఏ పార్టీ జెండా మా దగ్గరికి రాకూడదు. దానికి కారణముంది. నేను ఈ ఇంటికి రాకముందు సాంచెల కార్మికులు కూలి కోసం పెద్ద సమ్మె చేశారట. నడుమ ఒక పార్టీ వచ్చి అండ అన్నది. వీళ్లలో ముందున్న మనిషికి కండువా కప్పి కౌన్సిలర్‌ను చేసింది. సమ్మె అక్కడే చచ్చిపోయింది. ఆ మనిషి మా అత్తమ్మ సొంత తమ్ముడే. అందుకే పార్టీ అన్న మాట వింటే ఆమె దవడ బిగుసుకునేది.

దీక్షకు అనుమతి రాలేదు. అయినా మున్సిపాలిటీ ముందు కూర్చున్నాం. పట్నంలో ఏ టెంట్‌హౌస్ వాళ్లూ టెంటు ఇవ్వలేదు. నేను చాచా దగ్గరికి పోయాను. ఆయన నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"బిడ్డా, నీకు అబద్ధం చెప్ప. టెంటు ఉన్నది. నాకే భయమైతాంది. ఠాణకెల్లి ఫోనొచ్చింది. నేనియ్య," అన్నాడు.

మిగతా దుకాణాల వాళ్లు టెంట్లన్నీ పెళ్లిళ్లకు పోయాయనీ, చినిగిపోయాయనీ అన్నారు. భయమని చెప్పింది చాచా ఒక్కడే. నాకు కోపం రాలేదు.

ఎండలోనే కూర్చున్నాం. ఒకటి రెండు రోజులు గడిచాక మా అత్తమ్మ కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. ముఖం మీద నీళ్లు చల్లి లేపుతుంటే రోడ్డు మీద బండి చప్పుడు వినిపించింది. చాచా తోపుడుబండి తోసుకుంటూ వస్తున్నాడు. బండి మీద కర్రలు, తాళ్లు, పెళ్లి భోజనాల దగ్గర వేసే పాత ఆకుపచ్చ టెంటు. పనివాళ్లు ఎవరూ వెంట రాలేదు. గడ్డం మీద చెమట కారుతోంది.  తాడు ముడి పడటం లేదు, రెండుసార్లు జారిపోయింది. ఎవరైనా అడిగితే ఇది విందు, దావత్ అని చెప్పమన్నాడు. ఏం దావత్ అన్నా అని అత్తమ్మ పడుకునే అడిగింది. ఏదో ఒకటి ఆలోచిస్తానన్నాడు.

ఆలోచించే వ్యవధి ఇవ్వలేదు వాళ్లు. జీపు వచ్చింది. టెంటు పీకి జీపులో వేసుకున్నారు, చాచాను కూడా ఎక్కించారు. ఆయన ఎక్కుతూ చెప్పులు విప్పబోయాడు, ఎవరింట్లోకో పోతున్నట్టు. పోలీసాయన నవ్వాడు. 

పొద్దుగూకే వేళకు వదిలేశారు. మేం గోడ దగ్గర నిలబడి చూస్తున్నాం. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాచీ చాయ్ ఇస్తే సాసర్ పట్టుకోలేకపోయాడు, ఆమే పట్టుకుని తాగించింది. కొట్టారా అని అడిగాం. లేదన్నాడు. తిట్టారా అంటే అదీ లేదన్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదట. ఎవరో ఒకరు వచ్చి ఆయన వైపు చూసి పోయేవారట. తిట్టినా బాగుండేదని చెప్పాడు. రాకపోకలకు అడ్డం కలిగించాడని ఆయన మీద కేసు పెట్టారు. ఆ వారంలోనే గోదాముకు తాళం పడింది. నిప్పంటుకుంటే ఆర్పే ఏర్పాట్లు లేవని కారణం చెప్పారు.

ఇక టెంటు అడగటానికి మాకు ముఖం లేదు. ఆయనే గోడ మీదినుంచి అడిగాడు, రేపు కూర్చుంటున్నారా అని. కూర్చుంటున్నామని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "ఇంట్లె రెండు దుప్పట్లు ఉన్నయి. కుట్టుకుంటె నీడ అయితది," అన్నాడు.

అప్పుడు పట్నంలో పెద్దసారుకు ఎదురుగా రెండు పార్టీలు ఉండేవి. ఉండేవి అంటే పేరుకు. ఒకదానికి ఒక వకీలు పెద్ద. ఇంకోదానికి పక్క ఊరి మాజీ సర్పంచ్. ఇద్దరూ వేర్వేరుగా మా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ ఒకటే అడిగారు, తమ జెండా కింద కూర్చోమని. రెండోవాడిని రానివ్వొద్దనీ అడిగారు. ఒక ఎన్నికల్లో పోలింగ్ బూత్ దగ్గర వీళ్లు కలబడి కొట్టుకున్నారట, అప్పటినుంచి ఎదురుపడితే తల తిప్పుకుంటారు. అత్తమ్మ ఇద్దరినీ చాయ్ ఇచ్చి పంపేసింది.

కానీ రోజులు గడిచేకొద్దీ మా వాళ్లు తగ్గిపోతున్నారు. కమిటీలో ఉన్న ఒకాయన అల్లుడి ఉద్యోగం పోయింది. ఒకామె ఇంటికి కరెంటు తీసేశారు. మా బడి కరస్పాండెంట్ నన్ను పిలిచి, కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండమ్మా, నాకూ పిల్లలున్నారు అన్నాడు. ఆయన కళ్లలో ఉన్నది కూడా భయమే. దీక్ష దగ్గర ఇరవైమంది మిగిలిన రోజు నాకు బాగా గుర్తు, ఎదురుగా నిలబడ్డ పోలీసులు మాకంటే ఎక్కువ ఉన్నారు. ఇంకో వారం గడిస్తే గోడలు కూలతాయని అందరికీ అర్థమైంది.

అప్పుడే చాచా మనవడికి అఖీఖా, అంటే పుట్టువెంట్రుకలు తీయించే దావత్ చేస్తున్నానని పట్నమంతా పిలిచాడు. వకీలును పిలిచాడు. సర్పంచ్‌ను పిలిచాడు. ఇద్దరి ఇళ్లలో పెళ్లిళ్లకూ పందిళ్లు వేసినవాడు కాబట్టి కాదనలేకపోయారు. మా కమిటీనీ పిలిచాడు. ఎవరికీ రెండోవాళ్ల సంగతి చెప్పలేదు.

దావత్ ఆయన పెరట్లోనే. మామూలు బట్టల్లో వచ్చిన ఒక కానిస్టేబుల్ కూడా పంక్తిలో కూర్చున్నాడు. చాచా అతన్ని గుర్తుపట్టి, పక్కనే కూర్చుని, తన చేత్తో వడ్డిస్తూనే ఉన్నాడు. అతను వద్దంటున్నకొద్దీ ఇంకో ముక్క వేస్తున్నాడు. ఆ సమయంలో చాచీ మమ్మల్నీ ఆ ఇద్దరు నాయకులనూ ఒక్కొక్కరిగా వంటల చాటుకు తీసుకుపోయింది. పొయ్యిల మీది డేగిసాల పొగలో వకీలు, సర్పంచ్ ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు. ఇద్దరూ వెనక్కి తిరగబోతుంటే అత్తమ్మ తోవకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నది.

ఆమె అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే చూశాను. స్టేజీ కమిటీదే ఉంటుందన్నది. జెండాలు పట్టుకోండి కానీ కింద, రెండూ పక్కపక్కన. గోడల సంగతి తేలేదాకా మా మనిషి ఎవరికీ కండువా కప్పొద్దు. మమ్మల్ని అడగకుండా పెద్దసారుతో ఎవరూ మాట్లాడొద్దు. సర్పంచ్ ఉక్రోషంగా, అట్లయితే మాకేం మిగిలిందని అడిగాడు.

"మీకు మేం మిగుల్తం," అన్నది అత్తమ్మ. "మేమొక్కలమే ఉంటె మమ్ముల తీస్కపోతరు, అడిగేటోడు ఉండడు. మీరొక్కలే ఉంటె మీ ఎనుక ఎవ్వలు రారు. మీ మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం లేకనే గివన్ని చెప్తున్న."

 పార్టీలో పైవాళ్లు ఒప్పుకోరని వకీలు డేగిసా వైపు చూస్తూ సణిగాడు. ఈలోపు చాచా లోపలికి వచ్చాడు. చేతిలో గరిటె, ముఖంలో రక్తం లేదు. కానిస్టేబుల్‌కు ఇక కడుపులో చోటు లేదనీ, ఇంకాస్త సేపట్లో లేస్తాడనీ చెప్పాడు. తర్వాత ఇద్దరి వైపూ చూసి, "జర జల్ది తేల్చుకోండ్రి సాబ్. మీ సభకొచ్చేటోళ్లు, ఆయన సభకొచ్చేటోళ్లు ఒక్కలే. కుర్సీలేసేది నేనే గద, నాకు ఎరుకే. గా మనుషులు గిప్పుడు ఎండల కూసున్నరు," అన్నాడు.

వకీలు ముందు తల ఊపాడు. సర్పంచ్ బయటికి పోయేటప్పుడు వకీలును ముందు పోనిచ్చాడు.

వకీలు హైకోర్టు దాకా పోయి అంగడి మైదానంలో ఒక పూట సభకు అనుమతి తెచ్చాడు. సర్పంచ్ ఊరూరా తిరిగి చెప్పాడు. రెండు పార్టీల కార్యకర్తలు మొదటిసారి ఒకే ఆటోలో మైకు పెట్టుకుని తిరిగారని విని నాకు ధైర్యం రావాలి. రాలేదు. ఇంత సజావుగా పోతోందంటే ఏదో జరుగుతుందని లోపల ఒకటే గుబులు.

అదే జరిగింది. సభరోజు తెల్లవారేసరికి సర్పంచ్‌ను ఎక్కడికో తీసుకుపోయారు. వకీలు ఇంటి ముందు పోలీసులు నిలబడి ఆయనను బయటికి రానివ్వలేదు. వాడలో ఒక పుకారు లేచింది, ఇద్దరూ పెద్దసారుకు అమ్ముడుపోయి కావాలని ఆగిపోయారని. మాలో సగం మంది నమ్మారు. నేనూ కొంత నమ్మాను. ఏం చేద్దామని అత్తమ్మను అడిగితే, ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుంటూ, మైదానానికి పోదామన్నది.

మైదానంలో చాచా ఒక్కడే కర్రలు పాతుతున్నాడు. గోదాముకు తాళం ఉంది కాబట్టి టెంటు కరీంనగర్‌లో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చాడు. పనివాళ్లు రాలేదు. మా ఆడవాళ్లమే కర్రలు పట్టుకున్నాం, ఆయన చెప్పినట్టు తాళ్లు లాగాం. అప్పుడు ఠాణా పెద్దాయన వచ్చి చాచాను పక్కకు తీసుకుపోయి చాలా మర్యాదగా ఏదో చెప్పాడు. ఆయన పోయాక చాచా కర్రకు ఆనుకుని నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడు. ఏమన్నాడు చాచా అని అడిగాను. కొడుకు గురించి అన్నాడట, గల్ఫ్‌లో ఉన్నాడు కదా, వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఇబ్బంది పడతాడేమో చూసుకో అన్నాడట.

"బిడ్డా, జర నా పక్కకు నిలబడు. లేకుంటె ఉర్కుత," అన్నాడు.

నేను ఆయన పక్కన నిలబడ్డాను. నా కాళ్లు కూడా పారిపోదామనే అంటున్నాయని ఆయనకు చెప్పలేదు.

టెంటు లేచింది. కుర్చీలు వేశాం. కుర్చీల్లో ఎవరూ లేరు. జనం రాలేదా అంటే వచ్చారు. సందుల మొదట్లో, దుకాణాల మెట్ల మీద, ఎండలో, పోలీసుల వెనుక, వందలమంది నిలబడి చూస్తున్నారు. ఎవరూ టెంటు కిందికి రావడం లేదు. మొదట ఎవరు వస్తే వాళ్ల ఫొటో తీయడానికి ఇద్దరు మనుషులు కెమెరా పట్టుకుని నిలబడ్డారు. ఖాళీ కుర్చీలు చూస్తుంటే నాకు శవం చుట్టూ కూర్చోవడానికి వేసిన కుర్చీల్లా కనిపించాయి. అత్తమ్మ స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంది. గొంతులోంచి మాట రాలేదు. ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు. 

మైకు పనిచేయడం లేదనుకున్నాడో ఏమో, చాచా స్టేజీ వెనుకనుంచి లేచి వచ్చాడు. తన జీవితంలో మైకులో ఆయన అన్న మాటలు "హలో, హలో" అంతే. ఆ రోజు కూడా హలో అన్నాడు. మైదానమంతా వినిపించింది. మైకు బాగానే ఉంది. ఆయన తిరిగి వెళ్లిపోవాలి. వెళ్లలేదు.

"నాకు భయమైతాంది," అన్నాడు మైకులో. "మీకు గూడ అయితాంది. ఎండల నిలవడి భయపడుడెందుకు. నీడకొచ్చి భయపడుండ్రి. కుర్సీలున్నయి."

 ఎక్కడో ఒకరు నవ్వారు. ఆ నవ్వు ఒక సందులోంచి ఇంకో సందులోకి పోయింది. అన్నాళ్లలో మా పట్నంలో అంతమంది కలిసి నవ్వడం నేను వినలేదు. సర్పంచ్ భార్య ముందుగా వచ్చి మొదటి వరుసలో కూర్చున్నది, కెమెరా వైపు తిరిగి. ఆమె పక్క కుర్చీలో వకీలు పార్టీ మహిళ ఒకామె వచ్చి కూర్చున్నది. ఆ తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది నేను చూడలేదు. కుర్చీలు చాలలేదు, తివాచీ మీద కూర్చున్నారు. చాచా అప్పటికే స్టేజీ వెనుకకు పోయి తల మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.  దగ్గరికి పోయి నీళ్లిస్తే సగం ఒలకబోసుకున్నాడు.

గోడలు కూలలేదు. కోర్టు ఆపింది. ఎన్నికలు వచ్చినప్పుడు రెండు పార్టీలు కలిసి ఒక్కరినే నిలబెట్టాయి, వకీలును. దావత్‌లో పొగ చాటున మొదలైన మాటే అక్కడిదాకా వచ్చింది. పెద్దసారు ఓడిపోయాడు. ఆ రాత్రి పట్నం పటాకులు కాల్చింది. చాచా ఆ చప్పుడుకు కూడా భయపడి కిటికీలు మూసుకున్నాడని చాచీ చెప్పింది.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండు. గెలిచిన కొన్నాళ్లకు వకీలు మాకు దొరకడం తగ్గింది. పట్టాలు ఇస్తామన్నాడు, సగం ఇళ్లకే వచ్చాయి. మిగతావాటి సంగతి అడగటానికి కమిటీ కూర్చుంటామంటే అనుమతి ఇవ్వద్దని ఠాణాకు మాట పోయింది. సర్పంచ్‌తో పొత్తు చెడింది, ఇద్దరూ మళ్లీ తల తిప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు పాత భయం తిరిగి వచ్చింది, ఈసారి ఎవరి దగ్గరికి పోవాలో తెలియని భయం. చాచా మంచి చొక్కా వేసుకుని వకీలు ఇంటికి పోయాడు. రేపు టెంటు వేస్తున్నాననీ, చాటుగా వేయడం ఇష్టం లేక చెప్పిపోదామని వచ్చాననీ అన్నాడట. మనవాళ్ల మీదనే వేస్తావా చాచా అని వకీలు నొచ్చుకున్నాడట. చాచా ఏం జవాబు చెప్పాడో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు టెంటు పడింది. సాయంత్రానికి వకీలు వచ్చి, స్టేజీ ఎక్కకుండా, తివాచీ మీద మా అత్తమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఇంకొన్ని పట్టాలు వచ్చాయి. ఇంకా కొన్ని రావాలి. మా ఇంటిది కూడా రావాలి.

చాచా మీద పెట్టిన కేసు మాత్రం ఎవరు గెలిచినా పోలేదు. ఎత్తేస్తామని అందరూ అన్నారు. వాయిదాకు పోయేరోజు పొద్దున్నే గోడ దగ్గర నిలబడి, పోయొస్త బిడ్డా అని చెప్పి పోయేవాడు. వచ్చేదాకా చాచీ పొయ్యి ముట్టించేది కాదు. ఈ మధ్య ఒకసారి నేను అడిగాను, పెద్దసారు పోయాడు కదా, ఇంకా దేనికి భయమని. సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "అలవాటైంది బిడ్డా. ఒక్కనాడు భయం లేకుంటె, తలుపేసుడు మర్చిపోయినట్టు అనిపిస్తది," అన్నాడు. ఆయనతో తీరుబడిగా మాట్లాడింది అదే ఆఖరు.

నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ధైర్యం కాదు. ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. భయాన్ని దాచిపెట్టుకోవాల్సిన పని లేదని నేర్చుకున్నాను. దాచుకున్న భయంతో ఒంటరిగా ఉంటాం. చెప్పుకున్న భయం పక్కన ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. అంతకు మించి పెద్ద మాటలు ఆయన గురించి చెబితే ఆయనే సిగ్గుపడతాడు.

శుక్రవారం నమాజు తర్వాత జనాజా లేచింది. వాడలో సాంచెలు ఆపేసి మగవాళ్లంతా పోయారు. మేం ఆడవాళ్లం చాచీ దగ్గర ఉన్నాం. ఆమె మేడ మీద పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నది. లేచి చూసే ఓపిక లేదు. నేను నిలబడి చూస్తున్నాను. సమాధులుండే ఖబ్రస్తాన్‌కు పోయే తోవ ఠాణా ముందునుంచే. తెల్ల టోపీలు, టోపీల్లేని తలలు కలిసిపోయి మెల్లగా కదులుతున్నాయి. ఠాణా మలుపు దగ్గరపడుతుంటే చాచీ నా చీర కొంగు పట్టుకుంది.

"ఆపిండ్రా?" అని అడిగింది.

లేదు చాచీ, పోతున్నారు అన్నాను. ఆమె మళ్లీ అడిగింది. ఠాణా గేటు దగ్గర ఒక పోలీసు బయటికి వచ్చి నిలబడ్డాడు.  అతను రోడ్డు దాకా వచ్చి, ఎదురుగా వస్తున్న లారీని చేయెత్తి ఆపాడు. జనాజా ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మారుతూ అతని ముందునుంచి సాగిపోయింది.

"ఇప్పుడు?" అన్నది చాచీ.

మలుపు తిరిగారని చెప్పాను. ఆమె నమ్మలేదు. నా చేయి పట్టుకుని లేచి, పిట్టగోడ మీదికి వంగి, కళ్లమీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. రోడ్డు మీద ఎవరూ లేరు. లారీ ఇంకా కదల్లేదు.